నడివయస్సులో వృక్షవైద్యము

(మూకండపల్లిలో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ సభయందు నేను పిల్లల చదువును గూర్చి మాటలాడుట పరిపాటి. హాజరు తగ్గుచున్నదనియు, ఇంటివద్ద తెలుగు పుస్తకము తెరువరనియు, తమిళములో మార్కులు చాలవనియు చెప్పిన మాటలే చెప్పి మీకు విసుగు పుట్టించియుందును. ఈ యేడు పిల్లల మాట కొంచెము ప్రక్కన పెట్టి తండ్రుల చదువును గూర్చి చెప్పదలచితిని. 45 ఏండ్లు దాటిన మనుష్యుడు క్రొత్తగా ఒక వృత్తి నేర్చుకొని దానితో ఇల్లు నడుపగలడా యనునది ప్రశ్న. ఆ వృత్తి యేదనగా, చెట్లకు వైద్యము చేయుట. నవ్వకుడు. వెనుక వరుసలో నవ్వినవారి పిల్లలెవరో నేనెరుగుదును.

ఈ తలంపు నాకొక కాగితమువలన కలిగినది. గత విద్యాసంవత్సరము మొదట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నింపి యిచ్చిన దరఖాస్తులో 'తండ్రి వృత్తి' యనుచోట ఏమియు వ్రాయక విడిచియుండెను. పిలిచి అడిగితిని. "కంపెనీ మూసేసినారు సార్" అనెను. ఇప్పుడేమి చేయుచున్నారని మరల అడిగితిని. చాలసేపు తన చెప్పులవైపు చూచి, "చెట్లు కొట్టే పని" అని చెప్పి, ఆ మాట కాగితముపై వ్రాయకయే వెడలిపోయెను. మరునాడు ఆమె తండ్రిని పిలిపించితిని. ఆయన చెప్పిన సంగతులే నేటి నా ప్రసంగమునకు మూలము. ఆయన అనుమతితోనే చెప్పుచున్నాను. పేరు మాత్రము చెప్పవలదని కోరెను.

ఆయన 22 ఏండ్లు ఒకే కర్మాగారమున ఒకే యంత్రమువద్ద పనిచేసినవాడు. అది మూతపడునాటికి ఆయనకు 46 ఏండ్లు. "ఆరు నెలలు తిరిగినా సార్. గేటుకాడ నా ఈడు చూసి పేరు గూడా రాసుకోలేదు" అని చెప్పెను. ఆ మాట చెప్పునపుడు ఆయన కంఠమున కోపము లేదు; అదియే నన్ను ఎక్కువగా బాధించినది. మన మూకండపల్లి చుట్టును సిప్‌కాట్ పారిశ్రామికవాడ యున్నది. మీలో సగముమంది దాని నమ్ముకొని బ్రతుకుచున్నవారే. ఇట్టి గేటు ముందు నిలువవలసిన దినము ఎవరికి ఎప్పుడు వచ్చునో చెప్పలేము.

ఆయన తండ్రి చింతచెట్లు గుత్తకు పట్టి, కాయ రాల్చి అమ్మినవాడు. చిన్ననాడు తండ్రితో కూడ చెట్లెక్కిన అలవాటు ఈయనకు కలదు. ఆ ధైర్యముతో ఒక కత్తి, ఒక చేతిరంపము, ఒక నిచ్చెన తీసికొని, ఇండ్లపై వ్రాలిన కొమ్మలు కొట్టుటకు పోయెను. మూడవ వారమున ఒక ఇంటి పెరటిలో వేపకొమ్మను పైనుండి క్రిందికి ఒకే కోతగా కోసెను. సగము తెగగానే కొమ్మ తన బరువునకు తానే వ్రాలి, మ్రాను పట్టను రెండు మూరల పొడవున చీల్చుకొని వచ్చి నిచ్చెనను తన్నెను. ఎడమ మణికట్టు విరిగెను. కట్టు కట్టుకొని ఇంట కూర్చున్న రెండు మాసములలో ఆయనకు తోచిన దేమనగా, తనకు చెట్టు ఎక్కుట వచ్చును గాని, చెట్టును కోయుట రాదని. ఈ రెండవ మాట తెలియుటకే చాలమందికి జీవితకాలము చాలదు.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. చెట్టును నరుకువాడు వేరు, చెట్టు బ్రతుకుటకై కోయువాడు వేరు. మొదటివానికి కావలసినది కట్టె. రెండవవానికి కావలసినది చెట్టును, దాని క్రింద నడచు మనుష్యులును. ఈ రెండవ పని మనకు క్రొత్తది కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకై ఒక అధ్యాయమే కలదు. సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదము 325 శ్లోకముల గ్రంథము. దాని వ్రాతప్రతి ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నుండెను. డాక్టర్ వై. ఎల్. నేనేగారు 1994లో సికింద్రాబాదునందు స్థాపించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ దానిని తెప్పించి, సంస్కృతాచార్యులు నళినీ సాధలేగారిచేత ఇంగ్లీషులోనికి అనువదింపజేసి, 1996లో ప్రకటించినది. మనుష్యునకువలెనే చెట్టునకును వాత పిత్త కఫ దోషముల వలన రోగములు కలుగునని అందు చెప్పబడినది. కేరళలో కొట్టాయము ప్రాంతమున కె. బిను అను పాఠశాల ఉపాధ్యాయుడొకరు ఈ పద్ధతి ననుసరించి, పుట్టమన్ను, పొలపు మన్ను, ఆవుపేడ, పాలు, నెయ్యి, తేనె మొదలగువానితో ముద్ద చేసి చెట్ల గాయములకు పట్టించి గుడ్డ చుట్టుచు, వృక్షవైద్యుడని పేరు పొందిరి. ఉపాధ్యాయుడనుటచేత నాకు ఆయనయందు అభిమానము కలదు. అయినను ఆ పూత వలన చెట్టు బ్రతికినదో, ఆ పూత పూయు నెపమున నలుగురు దానిని కనిపెట్టియుండుట వలన బ్రతికినదో నేను తేల్చి చెప్పలేను.

మన తెలుగునాటనే జరిగిన చికిత్స యొకటి మీలో కొందరు వార్తాపత్రికలలో చూచియుందురు. మహబూబునగరము చేరువనున్న పిల్లలమర్రి సుమారు 700 ఏండ్లదని ప్రసిద్ధి. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ విరిగిపడగా సందర్శకులను లోనికి రానీయుట మానిరి. కారణము చెదలు. అధికారులు మొదట మ్రానునకు బెజ్జములు చేసి చెదలమందు పోయించిరి. మందు లోన నిలువక కారిపోయెను. పిమ్మట 2018లో, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, వందలకొలది సీసాలను కొమ్మలకు వ్రేలాడదీసి, నీటితో పలుచన చేసిన మందును బొట్టుబొట్టుగా చెట్టులోనికి దింపిరి. వేళ్లకును మందునీరు పోసిరి. బరువునకు వ్రాలిన కొమ్మల క్రింద కాంక్రీటు ఊతలు నిలిపిరి. ఆ సీసాల చిత్రమును చూచి లోకము ఆశ్చర్యపడినది. నాకు ఎక్కువగా నచ్చినది మాత్రము మొదటి ప్రయత్నము చెడిన పిమ్మట రెండవది చేయుట. కలకత్తాకు ఎదుట శిబ్‌పూర్ తోటలోని మహావటమునకు బూజు పట్టగా 1925లో మూల మ్రానునే తీసివేసిరి. ఊడలమీదనే ఆ చెట్టు నేటికిని పెరుగుచున్నది. కావున కోయుటయు వైద్యమే. ఎక్కడ, ఎంత, ఎట్లు అనునదే విద్య.

ఈ విద్యను ఆలస్యముగ నేర్చినవారు కలరా యని మీరడుగవచ్చును. ఈ వృత్తికి అమెరికాలో మూలపురుషుడని పేరు పొందిన జాన్ డేవీ కథ వినుడు. ఆయన 1846లో ఇంగ్లండున జన్మించెను. 21 ఏండ్లు వచ్చువరకు అక్షరములు రావు. తోటపని చేయుచు, చదువు నేర్చుకొనుచు, 1873లో అమెరికా చేరెను. ఒహాయో రాష్ట్రమున కెంట్ అను ఊర శ్మశానవాటిక నొకదానిని కనిపెట్టి చూచు పనిలో కుదిరి, అచటి చెట్లకు చికిత్సలు చేసి చూచి, తాను నేర్చినదంతయు 'వృక్షవైద్యుడు' అను అర్థము వచ్చు పేరుతో 1901లో పుస్తకముగ ప్రకటించెను. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు. ఆయన పేర వెలసిన సంస్థ నేటికిని పనిచేయుచున్నది. జపాను దేశమున 1991లో వృక్షవైద్యులకు ప్రత్యేక పరీక్ష ఏర్పరచిరి. అనేక సంవత్సరముల అనుభవము లేనిదే ఆ పరీక్షకు కూర్చుండనీయరు. అనగా అచట తల నెరియుట ఈ వృత్తికి అడ్డు కాదు.

ఇక మన తండ్రిగారి మాటకు వత్తును. చేయి అతికిన తరువాత ఆయన బెంగుళూరు పోయి, త్రాళ్లతో చెట్లెక్కి కొమ్మలు దించు పిల్లల జట్టులో చేరెను. మనకు 40 కిలోమీటర్ల దూరమున ఆ నగరము రోడ్ల ప్రక్కనున్న నిద్రగన్నేరులకును, తురాయిచెట్లకును వయస్సు మీరుచున్నది. ప్రతి వేసవి వానకు ఏవో కొన్ని కూలుచునే యుండును. ఆ జట్టు పెద్దకు 26 ఏండ్లు. మన తండ్రి ఆ పిల్లవానిని 'సార్' అని పిలిచెను. మొదటి ఆరు మాసములు ఆయనచేత కొమ్మలు ఈడ్పించుట, త్రాడు చుట్టించుట, దారిన పోవువారిని ఆపించుట తప్ప మరేమియు చేయింపలేదు. "నా కొడుకు ఈడు పిల్లోడు నన్ను తిట్టినప్పుడు ఫస్టు ఫస్టు తిండి దిగేది లేదు సార్. తర్వాత చూస్తే, వాడు తిట్టిండేది నా తల మీద కొమ్మ పడకుండేదానికే" అని చెప్పెను. పెద్దవయస్సున నేర్చుకొనుటలో కష్టమంతయు ఇచ్చటనే యున్నది. చేయి వంగును, నడుము వంగును. మెడ వంగుటకే కాలము పట్టును. నేను 54 ఏండ్లకు కంప్యూటరు నేర్చుకొనినపుడు నాకు నేర్పినది మన పాఠశాల పూర్వ విద్యార్థినియే. ఆ దినములలో నేను పడిన సిగ్గును మీతో చెప్పను.

ఆయన నేర్చినదానిలో ముఖ్యమైన దొకటి మీకు చెప్పెదను. పెద్దకొమ్మను ఒకే కోతతో తీయరాదు. మూడు కోతలు కావలెను. మొదటిది, మ్రానునకు ఒక అడుగు దూరమున కొమ్మ అడుగునుండి పైకి, మూడవ వంతు మించకుండ. రెండవది, దానికి కొంచెము ఆవల పైనుండి క్రిందికి. ఇపుడు కొమ్మ విరిగి పడినను పట్ట చీలదు. అడుగు కోత దానిని ఆపును. మిగిలిన మొండెమును మూడవ కోతతో తీయవలెను. ఈ మూడవ కోత ఎచట వేయవలెననునది కీలకము. కొమ్మ మ్రానుతో కలియుచోట ఉంగరమువలె కొంచెము ఉబ్బియుండును. ఆ ఉబ్బును ముట్టక, దానికి వెలుపల కోయవలెను. మ్రానునకు నున్నగ చదును చేసి కోసిన చూచుటకు అందముగ నుండును గాని చెట్టునకు కీడు; పొడవుగ మొండెము విడిచినను కీడే.

దీనికి కారణమును అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో తెలిపెను. ఆయన వేలకొలది చెట్లను రంపముతో నిలువునా చీల్చి పరిశీలించి, 1977లో తన సిద్ధాంతమును ప్రకటించెను. మన శరీరమున గాయమైనచో అచటి కండ మరల క్రొత్తగ పుట్టును. చెట్టున అట్లు కాదు. చెడిన చెక్క చెడినదే. చెట్టు దాని చుట్టు గోడలు కట్టి వేరుచేసి, ఆ గోడల వెలుపల క్రొత్త చెక్కను పెంచుకొనును. కొమ్మ మొదటి ఉంగరములోనే ఆ గోడ కట్టు శక్తి యున్నది. దానిని కోసినవాడు కోట గోడను కూల్చినట్లే. పూర్వము గాయములకు తారు పూయుటయు, తొఱ్ఱలలో సిమెంటు నింపుటయు వైద్యమని తలచిరి. డేవీ నాటి వైద్యులును అట్లే చేసిరి. ఇపుడా పద్ధతులను విడిచిరి. మామిడితోటలలో పెద్దకొమ్మ కోసినచోట బోర్డో ముద్ద పూయుట మాత్రము మన ఉద్యానశాస్త్రజ్ఞులు నేటికిని చెప్పుచున్నారు. అది బూజు నాపుటకు, గాయమును మాన్పుటకు కాదు.

ఇవన్నియు చెప్పుచుండగా ఆయన వాడిన మాటలు నన్ను ఆకర్షించినవి. చేవ, పట్ట, పంగ, తొఱ్ఱ, ఊడ, బొడిపె, బంక. 'రెండు కొమ్మల పంగలో పట్ట లోపలికి మడిచికొనింటే అది ఎప్పటికైనా చీలేదే సార్' అనును. ఈ మాటలు ఆయన తన తండ్రివద్ద చింతచెట్టు క్రింద నేర్చినవి. ఆ సాయంకాలము పదవ తరగతి పిల్లలను 'చేవ' యనగా నేమని అడిగితిని. ముప్పదిమందిలో ఇద్దరు చెప్పిరి. 2006 నాటి చట్టము వచ్చినది మొదలు మన పిల్లలకు తమిళము తప్పనిసరి యైనదని మనము సభలలో మాటలాడుకొనుచుందుము. అది వేరు చర్చ. చేవ, పంగ యను మాటలను ఏ చట్టమును తీసివేయలేదు. వానిని పలుకు పని మన యిండ్లలో పోయినది, పనితో మాటయు పోయినది.

కర్మాగారపు 22 ఏండ్లును వ్యర్థము కాలేదు. యంత్రము ధ్వనిని విని బేరింగు అరిగినదని చెప్పగల చెవి ఆయనకుండెను. ఇపుడు కొయ్యసుత్తితో మ్రానును చుట్టును తట్టి వినును. గట్టి చెక్క ఒక విధముగ పలుకును, తొఱ్ఱ మరొక విధముగ పలుకును. జట్టులోని పిల్లలు ఎక్కుటకు ముందు ఇపుడు ఆయన ముఖము చూతురట. నడివయస్సున ఈ వృత్తికి వచ్చువారికి నా మొదటి సలహా ఇదియే: ఎక్కుట పిల్లలకు విడిచిపెట్టుడు. క్రింద నిలిచి త్రాడుతో కొమ్మను మెల్లగ దింపువానికిని, చెట్టును పరీక్షించువానికిని, యజమానితో మాటలాడి ఏది కోయవలెనో ఏది కోయరాదో ఒప్పించువానికిని వయస్సు లోపము కాదు.

రెండవ సలహా డబ్బును గూర్చినది. మొదటి సంవత్సరము ఆయన ఆదాయము పాత జీతములో సగమైనను లేదు. ఆయన భార్య కుట్టుమిషనుపై పనిచేసి ఇల్లు నిలిపినది. ఆమె ఈ సభలోనే యున్నది. పని యేడాది పొడవున సమముగ నుండదు. వేసవి గాలివానలకు ముందును, వెనుకను తీరిక యుండదు. ఇతర మాసములలో చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చును. అప్పుచేసి మోటారు రంపము కొనుటతో ఆరంభించినవారు చెడుదురు. మొదట శిరస్త్రాణము, నడుముపట్టీ, మంచి త్రాడు. రంపమును నేర్పువానివద్ద నేర్చిన తరువాతనే చేత పట్టవలెను. దాని మొన దేనికైన తగిలినచో ఒక్క క్షణములో ముఖమువైపు ఎగురును. విద్యుత్తు తీగ దగ్గర నున్న కొమ్మను, శాఖవారు వచ్చి ప్రవాహము నాపువరకు ముట్టరాదు. యజమాని తొందరపెట్టినను ముట్టరాదు. కేంద్ర ప్రభుత్వపు సురక్షా బీమా యోజన 18 మొదలు 70 ఏండ్ల వారికి బ్యాంకు ఖాతా ద్వారా దొరకును. 2022 నుండి సంవత్సరమునకు 20 రూపాయలు, ప్రమాద మరణమునకు 2 లక్షలు. ఈ సభలో దానిలో చేరనివారెవరైన నున్నచో రేపే చేరుడు, చెట్ల పని చేసినను చేయకున్నను.

చట్టమును తెలిసికొనవలెను. హోసూరు సరిహద్దు దాటినచో చట్టము మారును. కర్ణాటకమున 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టము ననుసరించి సొంత స్థలములోని చెట్టును నరుకుటకును సాధారణముగ అనుమతి కావలెను. 'మా చెట్టే కదా' యని యజమాని చెప్పినంతమాత్రమున పని మొదలిడిన కూలివాడును చిక్కులలో పడును. వైద్యునకును న్యాయవాదికిని ఉన్నట్టి పట్టా ఈ వృత్తికి మన దేశమున ఏర్పడలేదు. దీనివలన ఎవడైనను నేనును వైద్యుడనే యనవచ్చును. అందుచేతనే నేర్చినవాడు తాను చేసిన పనితోనే తన్ను చూపుకొనవలసియున్నది.

మామిడిని మరువరాదు. మన కృష్ణగిరి జిల్లా తోతాపురి పండ్లకు పేరుపడినది. 40, 50 ఏండ్లు దాటి కాపు తగ్గిన తోటలను కొట్టివేయక, పెద్దకొమ్మలను తగ్గించి కోసి, వచ్చిన చిగుళ్లలో బలమైనవానిని మాత్రము ఉంచి పెంచినచో రెండు మూడేండ్లకు మరల కాపునకు వచ్చునని లక్నోలోని కేంద్ర ఉద్యాన సంస్థవారు నిరూపించిరి. వారు చెప్పు డిసెంబరు, జనవరి మాసములు ఉత్తరదేశమునకు తగినవి. మనకు అపుడే పూత. ఇచట కాయ కోసిన తరువాత కత్తిరింపు చేయుట పద్ధతి. పైయూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రమునకు పోయి అడిగినచో మేలు. చిన్న తోటలు కల తల్లిదండ్రులు ఇచట పలువురున్నారు.

ఇక మన పాఠశాల చెట్ల సంగతి చెప్పి ముగించెదను. ఆవరణలోని చింతచెట్టు ప్రమాదమనియు, కొట్టివేయుమనియు కొందరు రెండేండ్లుగ నన్ను తొందరపెట్టుచుండిరి. కట్టెల వ్యాపారి యొకడు వచ్చి ధరయు చెప్పిపోయెను. వేపచెట్టును గూర్చి ఎవరును ఏమియు అనలేదు. అది నేను ఈ పాఠశాలకు వచ్చిన యేడు స్వయముగ నాటినది. దాని నీడనే పిల్లలు మధ్యాహ్నము భోజనము చేయుదురు. ఈ తండ్రిని పిలిచి రెండును చూపితిని. చింతను చుట్టును తట్టి, పంగలను చూచి, "ఇది ఇంకో నూరేండ్లు ఉంటుంది సార్. రెండు కొమ్మలు బరువెక్కినాయి, తగ్గిస్తే చాలు" అనెను. పిమ్మట వేపవద్ద చాలసేపు కూర్చుండెను. మొదట మన్ను తవ్వి చూచెను. పళ్లెములవంటి గట్టి పుట్టగొడుగు లొక ప్రక్క కనబడినవి.

"ఈ అరుగు ఎప్పుడు కట్టినారు సార్?" అని అడిగెను.

పిల్లలు కూర్చుండుటకని దానిని కట్టించినవాడను నేనే. పునాదికై చుట్టును గోయి తవ్వించితిని. అడ్డువచ్చిన వేళ్లను నరికించితిని. మ్రాను మొదట రెండడుగుల ఎత్తు మన్ను పోయించి పైన సిమెంటు చేయించితిని. చెట్టునకు నీరు, గాలి అందించు సన్నవేళ్లలో అధికభాగము పైనున్న రెండడుగుల నేలలోనే యుండునని నాకప్పుడు తెలియదు. ప్రారంభోత్సవమునకు ఫోటో కూడ తీయించుకొంటిని. అది ఆ సంవత్సరపు సంచికలో అచ్చయినది.

కొమ్మలు తగ్గించి నిలుపవచ్చునా యని అడిగితిని. నిజమునకు బ్రతిమాలితిని. "మీరు నాటింది అని తెలుసు సార్. ఎండకు ఆకులు పచ్చగానే ఉండాయి. కింద వేర్లు లేవు. దీని కింద నా బిడ్డ గూడా తింటుంది" అని చెప్పెను. నిలుపుదునని చెప్పినచో ఆయనకు ప్రతి యేడును కొంత కూలి దొరికెడిది. ఆ దినమే పిల్లలను అచట కూర్చుండబెట్టరాదని నాచేత కాగితముపై వ్రాయించుకొని పోయెను. కావలసిన అనుమతి వచ్చిన పిమ్మట అర్ధసంవత్సరపు సెలవులలో దానిని ముక్కముక్కలుగ దింపిరి. మొదలు కోసి చూడగా నా చేయి మోచేతివరకు తొఱ్ఱలోనికి దూరినది. చుట్టును మిగిలిన గట్టి చెక్క నాలుగు వ్రేళ్ల వెడల్పు లేదు.

ఆ ముక్కలలో ఒకటి నా గది ద్వారమువద్ద నున్నది. గోడ కట్టుకొనిన గుర్తులు అందు నల్లని గీతలుగ కనబడును. విజ్ఞానశాస్త్రపు పాఠమునకు దానిని వాడుచున్నాము. ఈ యేటి దరఖాస్తులో ఆ బాలిక తండ్రి వృత్తి యనుచోట 'చెట్ల పని' అని వ్రాసినది. 'కొట్టే' యను మాట విడిచినది. నేను దిద్దలేదు.

చింతచెట్టు రెండు కొమ్మలలో ఒకటి తగ్గించుట యైనది. రెండవది వచ్చు జనవరిలో, కాయ కోతకు ముందు, ఆదివారము దినమున దించుదురు. ఈ పని నేర్చుకొనగోరు తండ్రులెవరైన నున్నచో ఆ దినము వచ్చి చూడవచ్చును. పేర్లు కార్యాలయమున ఇచ్చిపోవలెను. సున్నపు గీత గీసియుండును. పిల్లలును, తలకు శిరస్త్రాణము లేనివారును, ఎంత పెద్దవారైనను, నేనైనను, ఆ గీత దాటరాదు.